వికలాంగుల భాగచరిత్రము – పాఠశాలలలో దాని బోధనము

వికలాంగుల హక్కులను గూర్చి భారతప్రభుత్వము 2016వ సంవత్సరమున జేసిన శాసనమునందు 39వ సెక్షను గమనింపదగినది. పాఠశాలలయందును, కళాశాలలయందును, విశ్వవిద్యాలయములయందును ఈ హక్కులు పాఠ్యప్రణాళికలో జేరియుండవలెననియు, అంగవైకల్యమును గూర్చి విద్యార్థులకు దెలియజెప్పవలెననియు ఆ సెక్షను విధించుచున్నది. అదే శాసనమునందలి 47వ సెక్షను ఉపాధ్యాయుల శిక్షణములో సయితము ఈ విషయమును జేర్పవలెననుచున్నది. బోధింపుడని శాసనము చెప్పినదేకాని, యేయే యాధారములను జూపి బోధింపవలెనో చెప్పలేదు. అది శాసనకర్తల పనియు గాదు, పండితుల పని.

ఇప్పుడు పెక్కు పాఠశాలలలో జరుగుచున్న దేమనగా, ఐక్యరాజ్యసమితి 1992లో నిర్ణయించిన ప్రకారము ఏటేట డిసెంబరు 3వ తేదిని ఒక సభ చేయుదురు. హెలెన్ కెల్లరు కథయో, అష్టావక్రుని కథయో చెప్పుదురు. వికలాంగులయెడ జాలి గలిగియుండవలెనని బాలురకు హితము చెప్పి సభ ముగింతురు. ఇందు దోషములేదు. కాని యిది చరిత్రము గాదు. చరిత్రమనగా కాలక్రమమును, ఆధారమును, మార్పునకు గారణమును గలిగియుండవలెను. వికలాంగులకు సంఘ మేమి యిచ్చినది, ఏమి నిరాకరించినది, ఆ నిరాకరణ మెన్నడు ఏల తొలగినది అను ప్రశ్నలకు సమాధానము చెప్పునదే వారి చరిత్రము. ఇందులకు గావలసిన ప్రాచీనాధారములు మన ధర్మశాస్త్రములలోనే యున్నవి. వాక్పారుష్యము, దాయవిభాగము అను రెండు ప్రకరణములను ప్రక్కప్రక్కన బెట్టి చదివినచో ఆ చరిత్రము తేటపడునని చూపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

వాక్పారుష్యము

కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము పేరుమాత్రముగా మిగిలియుండి, 1905లో మైసూరునందు శామశాస్త్రిగారి కంటబడి, 1909లో అచ్చుపడినది. దాని మూడవ యధికరణమునందలి పదునెనిమిదవ యధ్యాయమున వాక్పారుష్యము చర్చింపబడినది. శరీరమును నిందించుటను కౌటిల్యుడు మూడు విధములుగా విభజించెను. ఉన్న లోపమునే చెప్పి యొంటికంటివాడనియు, కుంటివాడనియు నిందించుట మొదటిది. దానికి 3 పణములు దండము. లేని లోపమును గల్పించి నిందించుట రెండవది. దానికి 6 పణములు. మూడవది స్తుతినింద. అనగా కన్ను లోపించినవానిని జూచి యెంత చక్కని కన్నులని పొగడుచున్నట్లు వెక్కిరించుట. దానికి 12 పణములు.

మనువు తన యెనిమిదవ యధ్యాయమున, ఒంటికంటివానినిగాని, కుంటివానినిగాని, అట్టి మఱియొకనినిగాని ఆ పేర బిలిచినవాడు నిజమే పలికినను, ఒక కార్షాపణమునకు దక్కువగాని దండమును జెల్లింపవలెననెను. యాజ్ఞవల్క్యుడు మూడువిధములకును భేదము పాటింపక, అంగములుగాని యింద్రియములుగాని కొఱవడినవారిని, రోగులను నిందించినవానికి పండ్రెండున్నర పణములు విధించెను.

ఇందు ముఖ్యముగా గ్రహింపవలసినది యొకటి కలదు. తరగతిలో నొకబాలు డొకనిని వెక్కిరించి, ఉపాధ్యాయుడు మందలింపగా, ఉన్నమాటయే యంటినని చెప్పుకొనుట లోకమున గలదు. ఆ సమాధానము చెల్లదని రెండువేల యేండ్లకు దక్కువగాని కాలముక్రిందటనే మన స్మృతికారులు నిర్ణయించియుండిరి. మాట నిజమగుటచేత నింద నింద గాకపోదు.

అయినను ఈ వచనముల నాధారముగా గొని పూర్వకాలమున వికలాంగులకు సర్వగౌరవమును జరిగినదని చెప్పరాదు. ఒక నేరమునకు దండము వ్రాయబడినదనగా ఆ నేరము లోకమున జరుగుచుండెననియే యర్థము. మఱియు దండధనము రాజునకు జెందునదేకాని, నింద పడినవాని చేతికి వచ్చునది గాదు.

దాయవిభాగము

అదే యర్థశాస్త్రమున, అదే యధికరణమునందలి యైదవ యధ్యాయమున కౌటిల్యుడు దాయమునకు దగనివారిని బేర్కొనెను. పతితునికిని, పతితునకు బుట్టినవానికిని, క్లీబునకును భాగము లేదు. జడునకు, ఉన్మత్తునకు, అంధునకు, కుష్ఠరోగికి సయితము లేదు. మనువు తొమ్మిదవ యధ్యాయమున పుట్టంధుని, బధిరుని, మూగను జేర్చెను. యాజ్ఞవల్క్యుడు కుంటివానిని, చికిత్సకు లొంగని రోగము గలవానిని జేర్చెను. అంధుని నిందించినవానిని దండించిన శాస్త్రకారులే అంధుని తండ్రియాస్తికి దూరము చేసిరన్నమాట.

దూరము చేసియు వారిని విడిచిపెట్టలేదు. పతితుని విషయమునగల భేదము నటుండనిండు. వికలాంగులకు అన్నవస్త్రము లీయవలెననుటలో మువ్వురు నేకాభిప్రాయులు. శక్తికొలది వారిని బోషింపనివాడు పతితుడగునని మనువు శాసించెను. అయిదవ శతాబ్దిప్రారంభమున మనదేశమునకు వచ్చిన చీనాయాత్రికుడు ఫాహియాన్, పాటలీపుత్రమున దరిద్రులును, అనాథలును, అంగహీనులును, రోగులును జేరి యన్నమును ఔషధమును బొందెడి ధర్మశాలలను వర్ణించెను. కావున భరణధర్మము పుస్తకములకే పరిమితమై యుండలేదని చెప్పవచ్చును.

కాని భరణము వేఱు, భాగము వేఱు. ఈ భేదమును బాలురకు లెక్కరూపమున జూపుట మేలు. ఒక తండ్రికి నలుగురు కొడుకులు, పండ్రెండెకరముల పొలము కలవనుకొందము. నలుగురకును భాగమున్నచో తలకు మూడెకరములు వచ్చును. వారిలో నొకడు పుట్టంధుడైనచో, ప్రాచీన న్యాయముచొప్పున మిగిలిన మువ్వురు తలకు నాలుగెకరములు పంచుకొందురు. అంధునకు అన్నదమ్ములయింట అన్నమును, బట్టయు లభించును. వా డాకలిగొనడు. కాని వాడు పొలము నమ్మజాలడు, కుదువబెట్టజాలడు, ఒకరికి దానము చేయజాలడు, తన తలంపుచొప్పున నొక పైరు వేయింపజాలడు. అన్నదమ్ములు మంచివారైనచో వాని బ్రదుకు మంచిది; కానిచో గాదు. జాలి గొప్పగుణమే యైనను హక్కునకు బదులు గాజాలదని యింతకంటె సులభముగా దెలుపు నుదాహరణము లేదు.

ఈ నిషేధమునకు గారణ మేమి? జైమిని పూర్వమీమాంసయందు ఆఱవ యధ్యాయమున అంగహీనునకు యాగాధికారము కలదా యను విచారణ మున్నది. తీఱని లోపముతో బుట్టినవానికి అధికారము లేదని యచ్చటి సిద్ధాంతము. ధనము యజ్ఞముకొఱకే పుట్టినది గావున యజ్ఞమునకు దగనివారు దాయమునకును దగరనియు, అట్టివారు గ్రాసాచ్ఛాదనములకే యర్హులనియు నొక స్మృతివచనము దానిని వెన్నంటి వచ్చినది. కల్యాణపురమున చాళుక్య విక్రమాదిత్యుని కాలమున, అనగా 1076కును 1126కును నడుమ వర్ధిల్లిన విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో విధవాభాగమును చర్చించుచు ఈ వాదమును ఖండించెను. ధనము యజ్ఞమునకే యైనచో దానాదులకును, అర్థకామములకును దావెక్కడిదని యాతడు ప్రశ్నించెను. ఆ ఖండనమువలన పుత్రహీనయగు విధవకు భాగము నిలిచినది. అంధబధిరుల సందర్భము వచ్చునప్పటికి మాత్రము ఆతడు ఆ యుక్తిని మరల నుపయోగింపలేదు. మూలము విధించిన నిషేధము నట్లే యుంచి దానిని గొంత సడలించెను. విభాగమునకు బూర్వమున్న లోపమే యడ్డగును గాని, తరువాత గలిగినది గాదనెను. విభాగమైన పిదప ఔషధాదులచే లోపము తొలగినచో భాగము వచ్చుననెను. వికలాంగుని నిర్దోషులగు పుత్రులకు భాగమును, కూతుండ్రకు వివాహమువఱకు భరణమును, పుత్రులులేని సాధ్వులగు భార్యలకు భరణమును యాజ్ఞవల్క్యమూలమునందే యున్నవి.

తెలుగుదేశమున దాయవిషయములలో బ్రమాణమైనది మితాక్షరయే. తిక్కన కాలమువాడగు కేతన పదుమూడవ శతాబ్దిలోనే దానిని విజ్ఞానేశ్వరమను పేర తెలుగుపద్యములలోనికి దెచ్చెను. కావున పైన జెప్పిన న్యాయము మన పూర్వుల యిండ్లలో పంపకములను నడపిన న్యాయము. మన తెలుగుపండితులు దీనిని బరాయివిషయముగా దలపనక్కఱలేదు.

భారతకథ

శాస్త్రవిషయమును బాలురకు మనోగతముగా జేయుటకు భారతముకంటె దగినది లేదు. ధృతరాష్ట్రుడు జ్యేష్ఠుడయ్యు అంధుడగుటచే రాజు గాలేదనియు, రాజ్యము పాండునకు వచ్చినదనియు బాలు రందఱెఱుగుదురు. వారణావతయాత్రకు ముందు దుర్యోధనుడు తండ్రితో జేసిన వాదము మాత్రము తఱచుగా విడిచిపెట్టబడుచుండును. తండ్రి అంధత్వముచే రాజ్యమును గోల్పోయెను; ఇప్పుడది పాండుపుత్రునకు బోయినచో పిదప వాని పుత్రునకును, పౌత్రునకును బోవును; తాము శాశ్వతముగా బరులయన్నము దినువా రగుదురని యాతని యాక్రోశము. వికలాంగుని నిర్దోషపుత్రునకు భాగము గలదను యాజ్ఞవల్క్యన్యాయమును దీనితో బోల్చి చూడవలెను. రాజ్యము పొలమువలె బంచుకొనదగిన సొమ్ముగాదని కొందఱు చెప్పవచ్చును. దుర్యోధనుని యధర్మములు వేఱుగా నున్నవి, వానిని సమర్థింపబనిలేదు. కాని యా వంశకలహమునకు మూలమున వికలాంగుని యధికారమును గూర్చిన ధర్మసందేహ మొకటి యున్నదను సంగతి విద్యార్థి గ్రహింపవలెను. మఱియొక విశేషము: రాజ్యమునకు దగడనిపించుకొన్న యా ధృతరాష్ట్రుడే, పాండురాజు వనమునకు బోయిన పిదప హస్తినాపురమున బ్రభువై చిరకాల ముండెను. అనర్హతకు జెప్పిన కారణము పరిపాలనమునకు నిజముగా నడ్డమయ్యెనా? ఆతని రాజ్యమును జెఱచినది కన్నులలేమియా, పుత్రవ్యామోహమా? ఈ ప్రశ్న నడిగినచో తరగతి యంతయు మేలుకొనును.

అష్టావక్రుని కథ చెప్పునపుడును జాగ్రత్త వలయును. అరణ్యపర్వమున జనకుని ద్వారపాలకు డాతని నడ్డగించినది ముఖ్యముగా బాలుడను కారణమున. కథాంతమున సమంగానదిలో స్నానము చేయగా ఆతని వంకరలు దీఱినవి. ఆ ముగింపును మాత్రమే నొక్కిచెప్పినచో, పాండిత్యము చాలదు, దేహము చక్కబడినగాని గౌరవము పూర్తిగాదని బాలురు తలపవచ్చును. నదీస్నానమునకు ముందే, వంకరలతోనే, ఆతడు వాదమున వందిని జయించెనని చెప్పి యచ్చట నొక్కమాఱు నిలువవలెను.

శాసనములు

ఆంగ్లేయుల కాలమున న్యాయస్థానములు మితాక్షరను బట్టియే తీర్పులు చెప్పినవి. అంధత్వ బధిరత్వాదులు పుట్టుకతో వచ్చి, మానరానివైనప్పుడే భాగము పోవునని నియమము నిలిచినది. 1850వ సంవత్సరపు 21వ శాసనము మతము మాఱుటచేతను, కులమునుండి వెలివేయబడుటచేతను దాయహక్కు పోరాదని నిర్ణయించెను. పతితునకు గల నిషేధ మట్లు తొలగినది. స్మృతివాక్యమున పతితుని ప్రక్కనే నిలిచిన అంధుడు, బధిరుడు, మూగ, కుంటి మాత్రము మఱి 78 సంవత్సరములు కాచుకొనవలసివచ్చిరి.

1928వ సంవత్సరపు 12వ శాసనమే వారికి విముక్తి నిచ్చినది. రోగముచేతగాని, అంగవైకల్యముచేతగాని, శరీరమనోలోపముచేతగాని యెవ్వరును దాయమునకు దూరులు గారని యది చెప్పెను. కాని పుట్టుకతోడనే యున్మత్తులు, జడులైనవారిని మినహాయించెను. దాయభాగపద్ధతి ననుసరించు వంగదేశీయులకు వర్తింపనే లేదు. 1956 నాటి హిందూ వారసత్వ శాసనముయొక్క 28వ సెక్షను ఆ మినహాయింపులను గూడ దీసివేసి, రోగమునుబట్టిగాని లోపమునుబట్టిగాని యెవరి వారసత్వమును బోదని తేల్చినది. కౌటిల్యుని వచనము మొదలుకొని యీ సెక్షనువఱకు గల కథను సంవత్సరములతో నల్లబల్లపై వ్రాసినచో నొకగంట పాఠమునకు సరిపోవును.

ఆస్తిభాగముతోపాటు విద్యాభాగమును జెప్పవలెను. బధిరులకు బొంబాయిలో 1885లోను, కలకత్తాలో 1893లోను బాఠశాలలు వెలసినవి. అంధులకు అమృతసరమున 1887లో ఆనీ షార్పు అను దొరసానియు, కలకత్తాలో 1897లో లాల్ బిహారీ షాగారును విద్యాలయములను స్థాపించిరి. ఇవి యన్నియు మొదట దాతల దయచే నడచినవే. లూయీ బ్రెయిలు తన చుక్కలలిపిని 1829లోనే ప్రకటించినను, భారతీయభాషల కన్నిటికి నొకేపద్ధతి గల భారతీ బ్రెయిలు 1951లో గాని స్థిరపడలేదు. దానియందు తెలుగు కకారమునకును హిందీ కకారమునకును చుక్కలు ఒక్కటియే. బధిరుల విషయమున ఉపాధ్యాయులే యొక పెద్దయడ్డు తెచ్చిరి. 1880లో మిలాను నగరమున గూడిన బధిరవిద్యాసభ చేసైగలభాషను బాఠశాలలనుండి తొలగించి నోటిమాటనే నేర్పవలెనని తీర్మానించెను. 130 సంవత్సరముల పిదప, 2010లో, వాంకూవరున గూడిన యట్టి సభయే ఆ తీర్మానమును నిరాకరించి విచారమును బ్రకటించెను. వికలాంగుల నడుగక వారి మేలును నిర్ణయించుటవలన నెంతకాలము నష్టము జరుగునో యిందువలన దెలియును.

గణనమునందును చరిత్రము కలదు. 1881 మొదలు 1931 వఱకు జనసంఖ్యాపట్టికలలో ఉన్మత్తులు, చెవిటిమూగలు, అంధులు, కుష్ఠరోగులు అను నాలుగు తెగలవారు లెక్కింపబడిరి. పిదప చిరకాలము ఆ లెక్కయే లేదు. 1981లో మూడు తెగలను, 2001లో ఐదింటిని, 2011లో ఎనిమిదింటిని లెక్కించిరి. 2011లో దేశమున 2 కోట్ల 68 లక్షల మందియు, అందు అప్పటి యవిభక్తాంధ్రప్రదేశమున 22 లక్షలకు బైగాను తేలిరి. 1995 నాటి శాసనము ఏడువిధముల వైకల్యములను గుర్తింపగా, 2016 నాటిది 21 విధములను గుర్తించినది. మనుష్యులు మాఱలేదు, లెక్కించువారి దృష్టి మాఱినది.

బోధనము

పై విషయమును వయఃక్రమము ననుసరించి మూడుమెట్లుగా నేర్పవచ్చును. చిన్నతరగతులకు వాక్పారుష్యము చాలును. 3, 6, 12 పణముల దండములను జెప్పి, మూడింటిలో స్తుతినింద కేల యెక్కువ దండమో బాలురనే చెప్పనీయవలెను. నడిమితరగతులకు నాలుగన్నదమ్ముల లెక్కయు, ధృతరాష్ట్రుని కథయు దగును. పైతరగతులకు 1850, 1928, 1956, 1995, 2016 సంవత్సరముల శాసనములను వరుసగా జెప్పి, ప్రతిదానియందును ఎవరు లోపలికి వచ్చిరి, ఎవరు వెలుపల మిగిలిరి అని ప్రశ్నింపవలెను.

భాషాపండితునకు మఱియొక పని కలదు. గ్రుడ్డినమ్మకము, కుంటిసాకు, చెవిటివానిముందు శంఖ మూదుట మొదలగు పలుకుబడులు తెలుగున బెక్కులు. వీనిని నిఘంటువులనుండి చెఱిపివేయుట సాధ్యమును గాదు, న్యాయమును గాదు. కాని కన్నులేమిని అవివేకమునకును, కుంటితనమును అబద్ధమునకును మాఱుపేళ్లుగా మనభాష యేల వాడుచున్నదో విద్యార్థుల నడుగవచ్చును. ఆ తరగతిలోనే యొక యంధబాలుడు గూర్చుండియున్నాడని తలచి తాము వ్రాయుమాట నెన్నుకొనుడని చెప్పవచ్చును. ఇటీవల వాడుకకు వచ్చిన దివ్యాంగశబ్దమును సయితము చర్చింపవచ్చును. 2015 కడపట ప్రధానమంత్రి సూచింపగా ఆ పదము ప్రభుత్వవ్యవహారములలో బ్రవేశించినది. గౌరవార్థమే యది వాడబడినదని కొందఱును, తమకు గావలసినది దివ్యత్వము గాదు, హక్కులని వికలాంగులలోనే పలువురును జెప్పుచున్నారు. స్తుతినింద వెక్కిరించు తలంపుతో బుట్టును గనుక దానితో నీ పదమును సమానము చేయరాదు. కాని పొగడ్తమాట యెల్లప్పుడును గౌరవ మగునా యను ప్రశ్న కౌటిల్యునినాటిదే యని చూపవచ్చును.

కొన్ని హెచ్చరికలు చేయవలసియున్నది. బాలుర కన్నులకు గంతలుగట్టి నాలుగడుగులు నడిపించి, అంధత్వ మిట్లుండునని చెప్పుట బోధనము గాదు. కొత్తగా గంతలు గట్టించుకొన్నవానికి దెలియునది భయమేకాని, కఱ్ఱతో నూరంతయు దిరుగ నేర్చినవాని నేర్పు గాదు. తరగతిలోనున్న వికలాంగవిద్యార్థిని నిలువబెట్టి యుదాహరణముగా జూపుటయు దగదు. వానికి విషయము దెలిసినచో తనంత దానే చెప్పును. వీలున్నచోట నొక యంధుని, బధిరుని, కాలులేనివానిని జాలికొఱకుగాక, విద్య చెప్పుటకై యాహ్వానింపవలెను.

ధర్మశాస్త్రములలోని నిషేధములను బాలుర యెదుట బెట్టినచో పూర్వులయెడ గౌరవము తగ్గునని కొందఱు పెద్దలు శంకింపవచ్చును. కాని దండప్రకరణమును మాత్రము చదివి గర్వించుటయు, దాయప్రకరణమును మాత్రము చదివి నిందించుటయు రెండును సగము చదువులే. రెంటిని జదివి, విజ్ఞానేశ్వరుడు విధవవిషయమున జేసిన వాదమును గూడ జదివినవాడు, శాస్త్రము రాతిపై జెక్కినది గాదనియు, వాదమునకు లొంగి మాఱుచు వచ్చినదనియు గ్రహించును. అట్టి గ్రహణమువలన బూర్వుల గౌరవమునకు భంగము లేదు.

కడపట నీ పత్రికాపాఠకులకు నొక విజ్ఞప్తి. 1928కి బూర్వము వ్రాయబడిన పంపకపు కాగితములు పల్లెలలో పాతపెట్టెలయందు మిగిలియున్నచో, వానిలో అంధుడో బధిరుడో అయిన సోదరునకు జరుపవలసిన భరణమును గూర్చిన వాక్యము లుండవచ్చును. గింజలెన్ని, బట్టలెన్ని, ఎవరియింట ఎన్నినెలలు అని వ్రాసిన యట్టి యొక్కవాక్యము దొరకినను, అది శాస్త్రవచనములు చెప్పజాలని చరిత్రమును జెప్పును. పాఠశాలాపండితులు తమ విద్యార్థులచేత నట్టి కాగితములను వెదకించి, యజమానుల యనుమతిపై, పేళ్లు విడిచి నకళ్లు వ్రాయించినచో, బాలురకు జరిత్రపరిశోధనమును, పరిషత్తులకు నూతనాధారములును ఒక్కమాఱే లభించును. విజ్ఞులు యోచింతురు గాక.